స్లైడు మీద బొమ్మ ఎవరిది?

ప్రెజెంటేషన్ ఆఖరి స్లైడులో ‘థాంక్యూ’ కింద చిన్న అక్షరాల్లో ఒక మాట కనిపిస్తుంది: ‘ఇమేజ్ కర్టసీ: గూగుల్’. ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్లో, డాక్టర్ల సదస్సులో, స్టార్టప్ పిచ్‌లో, టీచర్ల శిక్షణ తరగతిలో అన్ని చోట్లా ఇదే మాట. రాసినవాళ్లు దీన్ని నిజాయితీ అనుకుంటారు. అడిగితే ‘ఎక్కడినుంచి తెచ్చానో చెప్పాను కదా’ అంటారు. నిజానికి చెప్పలేదు. బస్టాండులో విచారణ కౌంటర్ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెబుతుంది, టికెట్ మాత్రం ఇవ్వదు. గూగుల్ ఇమేజెస్ చేసేదీ అంతే. ఏ పేజీలో ఏ బొమ్మ ఉందో చూపిస్తుంది. ఆ బొమ్మ గూగుల్‌ది కాదు, మీకిచ్చే అధికారం గూగుల్‌కు లేదు. కింద ‘గూగుల్’ అని రాస్తే తేలేది ఒక్కటే. ఈ బొమ్మ ఎవరిదో కనుక్కోవడానికి నేనేమీ ప్రయత్నించలేదని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టు.

ప్రెజెంటేషన్ నైపుణ్యానికీ కాపీరైటుకీ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. పదిమంది ముందు నిలబడి ‘ఇది నా పని’ అని చెప్పుకునే సందర్భమే ప్రెజెంటేషన్. మాటలు మీవి, లెక్కలు మీవి, బొమ్మల దగ్గరకొచ్చేసరికి సొమ్మొకడిది సోకొకడిది అయితే, గదిలో ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడున్నా చాలు. మీ లెక్కలను కూడా అతను అనుమానంగానే చూస్తాడు. విచిత్రమేమంటే, రాతల విషయంలో మనం ఇప్పటికే ఒళ్లు దగ్గర పెట్టుకున్నాం. యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చాక థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌లో వేసి, పోలికలు 10 శాతం దాటాయా అని చూడందే ఫైలు కదలదు. అదే స్కాలర్ వైవాకు తెచ్చే స్లైడుల నిండా ఎక్కడెక్కడివో బొమ్మలుంటాయి. ఇవి ఎవరివని గైడూ అడగడు, ఎగ్జామినరూ అడగడు. అడిగేవాడు లేక అలవాటైపోయింది తప్ప, తప్పు కాదని ఎవరూ చెప్పలేదు.

చట్టం సంగతి సూటిగా చెప్పుకుందాం. మన కాపీరైటు చట్టం 1957 నాటిది, 2012లో దానికి పెద్ద సవరణే జరిగింది. ఫోటో, పెయింటింగ్, కార్టూన్, మ్యాపు, చార్టు, రేఖాచిత్రం అన్నీ దాని దృష్టిలో కళాకృతులే. అందంగా ఉందా లేదా అన్నది చట్టం చూడదు. మీ మేనల్లుడు ఫోన్లో తీసిన వంకర ఫోటోకూ హక్కు ఉంటుంది. రిజిస్టర్ చేయించాల్సిన పని లేదు, మూలన గుండ్రటి సీ గుర్తు ఉండనక్కర్లేదు. క్లిక్కుమన్న క్షణంలోనే హక్కు పుడుతుంది. కాబట్టి ‘గుర్తు లేదు, ఉచితమే అనుకున్నా’ అన్న వాదన నిలవదు. మన దేశం బెర్న్ ఒప్పందంలో ఉంది కనుక ఏ ఫ్రాన్స్‌లోనో ఉన్న ఫోటోగ్రాఫరుకూ ఇక్కడ ఇదే రక్షణ. తెలిసి ఉల్లంఘిస్తే శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. లాభాపేక్ష లేని సందర్భాల్లో కోర్టు తగ్గించవచ్చు.

ఈ అంకెలు చెప్పింది భయపెట్టడానికి కాదు. స్లైడులో బొమ్మ పెట్టినందుకు రేపు పొద్దున్నే పోలీసులు తలుపు తట్టరు. నిజంగా వచ్చేది నోటీసు, దానితో ఒక బిల్లు, పై అధికారి ముందు తలవంపు. అయితే ఒక పని చేసేవాళ్లు మాత్రం కాస్త భయపడటమే మంచిది. ఫోటోలు అమ్మే స్టాక్ సైట్ల ప్రివ్యూ బొమ్మ దింపుకుని, దానిమీద ఉన్న వాటర్‌మార్కును యాప్‌తో చెరిపేసేవాళ్లు. హక్కుదారు వివరాలను కావాలని తొలగించడం 2012 సవరణ తర్వాత విడిగా ఒక నేరం, 2 ఏళ్ల దాకా జైలు. ‘తెలియక చేశాను’ అని తప్పించుకునే దారి కూడా ఉండదు. చెరిపారంటేనే తెలిసి చేసినట్టు.

గడువు లెక్క తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి. మన దేశంలో చిత్రకారుడు బతికినంత కాలం, పోయిన మరుసటి జనవరి నుంచి మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ తర్వాత అది అందరిదీ. రాజా రవివర్మ 1906లో పోయారు, ఆయన శకుంతలను, దమయంతిని ఎవరైనా వాడుకోవచ్చు. మన రాజమండ్రి దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశారు, ఆయన చిత్రాలకూ గడువు ఎప్పుడో తీరింది. అడివి బాపిరాజు 1952లో పోయారు, 2012తో సరి. ఇక ఇటు రండి. వడ్డాది పాపయ్య 1992 డిసెంబరులో పోయారు కాబట్టి ఆయన బొమ్మలకు 2052 చివరి దాకా హక్కు ఉంది. బాపు 2014లో వెళ్లిపోయారు, 2074 చివరి దాకా ఆగాల్సిందే. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే చందమామ బొమ్మ మేనేజ్‌మెంట్ శిక్షకులకు మహా ఇష్టం, సమస్య అన్న మాట రాగానే తెర మీదికి వస్తుంది. దాన్ని గీసిన శంకర్ 2020లో చనిపోయారు. 2080 దాకా ఆ బొమ్మ మీది కాదు. హక్కు కుటుంబం దగ్గరున్నా, ప్రచురణకర్తకు రాసిచ్చినా గడువు లెక్క మాత్రం చిత్రకారుడి మరణం నుంచే.

ఫోటోలకు 2012కు ముందు లెక్క వేరుగా ఉండేది. ప్రచురణ అయిన ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టేవాళ్లు. అప్పటికే తీరిపోయిన హక్కులు కొత్త సవరణతో తిరిగి లేవవు. అంటే 1950కి ముందు మన దేశంలో అచ్చయిన ఫోటోలతో మీకు దిగుల్లేదు. పాత హైదరాబాదు గురించి ప్రెజెంటేషన్ చేసేవాళ్లకు ఇది వరమే. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన కోటలు, దర్బార్లు, వేట దృశ్యాలు ఉన్నాయి. ఆయన 1905లోనే పోయారు. అంత సంపద ఊరికే అందుబాటులో ఉండగా, నిన్న ఎవరో డ్రోన్‌తో తీసిన చార్మినార్ ఫోటో ఎత్తుకురావడం దేనికి? 1591లో కట్టిన చార్మినార్ మీద ఎవరికీ కాపీరైటు లేదు, ఆ డ్రోన్ ఫోటో మీద తీసినవాడికి ఉంది. మీరే వెళ్లి తీసుకుంటే ఆ హక్కు మీదే. హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం లాంటివి కొత్తవైనా, బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాలను ఫోటో తీసుకోవడానికి మన చట్టం అనుమతిస్తుంది.

అసలు చిక్కు వచ్చేది గడువు తీరని బొమ్మలతో. వాటిని అనుమతి లేకుండా వాడుకునే దారులు చట్టంలోనే కొన్ని ఉన్నాయి. 52వ సెక్షన్ అదే. పాఠం చెప్పే క్రమంలో ఉపాధ్యాయుడో విద్యార్థో ఏ కృతినైనా నకలు చేసుకోవచ్చని అందులో ఉంది. పరీక్ష ప్రశ్నల్లో, జవాబుల్లోనూ వాడుకోవచ్చు. ఈ మినహాయింపు ఎంత విశాలమో 2016లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం పాఠ్యపుస్తకాల్లోంచి భాగాలు జిరాక్స్ తీసి విద్యార్థులకు అమ్ముతోందని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రచురణ సంస్థలు దావా వేశాయి. గెలవలేకపోయాయి. బోధనకు అవసరమైన మేరకు నకలు తప్పు కాదన్నది కోర్టు మాట. ఆ తీర్పు పుస్తకాల గురించే అయినా చట్టంలో ఉన్న ‘ఏ కృతి’ అన్న మాట ఫోటోకూ వర్తిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మినహాయింపు పాఠానికి ఇచ్చారు, ఫైలుకు ఇవ్వలేదు. పర్యావరణ శాస్త్రం లెక్చరర్ ఒకాయన భోపాల్ దుర్ఘటన గురించి చెబుతున్నారనుకుందాం. 1984లో రఘు రాయ్ తీసిన ఫోటో ఉంది. మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ ముఖం. దాన్ని తరగతిలో తెర మీద చూపారు. ఇబ్బంది లేదు, అది బోధనే. పిల్లలు అడిగితే ఆ స్లైడులు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇదీ బోధనలో భాగమేనని గట్టిగానే వాదించవచ్చు. తర్వాత కాలేజీ వెబ్‌సైటు వాళ్లు ‘స్టడీ మెటీరియల్’ కింద ప్రపంచానికంతా కనపడేలా పీడీఎఫ్ ఎక్కించారు. ఇప్పుడు పాఠం ఎవరికి? ఆ పైన పాఠం వీడియో యూట్యూబ్‌లోకి వెళ్లింది, ప్రకటనలూ వస్తున్నాయి. ఆఖరున అదే లెక్చరర్ కోచింగ్ యాప్‌లో ఆ స్లైడుల్ని డబ్బుకు అమ్మారు. బొమ్మ మారలేదు, స్లైడు మారలేదు, మనిషీ మారలేదు. కానీ తరగతి గదిలో ఉన్న రక్షణ ఒక్కో మెట్టూ దిగేకొద్దీ పలచబడుతూ, చివరి మెట్టు దగ్గర పూర్తిగా పోయింది. కరోనా తర్వాత రికార్డు కాని ఉపన్యాసమే అరుదైపోయింది కాబట్టి, స్లైడు చేసేటప్పుడే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఇది ఈ గదిలోనే ఆగుతుందా, బయటికి పోతుందా’ అన్నదే.

కంపెనీల్లో శిక్షణ ఇచ్చేవాళ్లు ‘మేమూ బోధిస్తున్నాం కదా’ అంటారు. ఉద్యోగులకు ఫీజు తీసుకుని ఇచ్చే వర్క్‌షాపును తరగతి గది అని చట్టం ఒప్పుకుంటుందని నేనైతే నమ్మను. క్లయింటు ముందు పెట్టే స్లైడుల కట్ట, అంటే డెక్, గురించి చెప్పనే అక్కర్లేదు, అది వ్యాపారం.

తరగతి బయట కూడా తెరుచుకునే తలుపు ఇంకొకటి ఉంది: విమర్శ, సమీక్ష. బొమ్మ గురించే మాట్లాడుతున్నారా, బొమ్మతో అలంకరిస్తున్నారా? నా మట్టుకు మొత్తం కాపీరైటు గొడవలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇది. బాపు గీతలో నడుము ఒంపు ఎలా వస్తుందో వివరిస్తూ ఆయన బొమ్మ చూపడం విమర్శ. మీ బ్యాంకు వార్షిక నివేదిక ప్రెజెంటేషన్లో ‘సంప్రదాయం’ అన్న మాట పక్కన అదే బొమ్మ అతికించడం అలంకారం. మొదటిదానికి చట్టం అండ ఉంది. రెండోదానికి అనుమతి పత్రం కావాలి.

అమెరికాలో చదువుతున్న, పనిచేస్తున్న మన పిల్లల కోసం రెండు ముక్కలు. అక్కడ మనలాగా మినహాయింపుల జాబితా ఒక్కదానితో సరిపోదు, ‘ఫెయిర్ యూజ్’ అని నాలుగు గీటురాళ్లు ఉన్నాయి. ఎందుకు వాడారు, అది ఎలాంటి కృతి, ఎంత వాడారు, దాని అమ్మకానికి దెబ్బ తగిలిందా. ముఖాముఖి తరగతిలో చూపడానికి అక్కడా విడిగా వెసులుబాటు ఉంది. సకాలంలో రిజిస్టరైన ఫోటో అయితే కోర్టు ఒక్కో కృతికి 750 నుంచి 30 వేల డాలర్లు, కావాలని చేశారని తేలితే 1,50,000 డాలర్ల దాకా పరిహారం వేయొచ్చు. ఆఫీసు డెక్‌లో బొమ్మ పెట్టేముందు అక్కడి కంపెనీ లీగల్ టీంకు ఒక మెయిల్ కొట్టడం చవక.

మరి బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి? క్రియేటివ్ కామన్స్ అన్నది 2002 నుంచి ఉన్న లైసెన్సుల కుటుంబం. హక్కుదారే ముందుగా ‘ఈ షరతులతో వాడుకోండి’ అని రాసి పెట్టే పద్ధతి. సీసీ బై అంటే పేరు చెప్పి వాడుకోండి. వెనక ఎస్ఏ ఉంటే, మీరు మార్చిన బొమ్మను మీరూ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి కూడదు. ఎన్‌డీ ఉంటే మార్చి పంచకూడదు. సీసీ జీరో అయితే ఏ షరతూ లేదు. గూగుల్ ఇమేజెస్‌లో ‘టూల్స్’ నొక్కి ‘యూసేజ్ రైట్స్’లో క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే ఇలాంటివే వస్తాయి. పవర్‌పాయింట్‌లో ఆన్‌లైన్ బొమ్మలు వెతికేచోటా ఇలాంటి గడి ఉంటుంది, మనవాళ్లు ఎక్కువ బొమ్మలు రావాలని ముందుగా తీసేసేది ఆ టిక్కునే. వడపోత వేశాక కూడా అసలు పేజీలోకి వెళ్లి లైసెన్సు చూసుకోవాలి.

వికీమీడియా కామన్స్ మన అవసరాలకు చక్కగా పనికొస్తుంది. లేపాక్షి, అమరావతి, రామప్ప, గోల్కొండ, ఏది కావాలన్నా మన ఔత్సాహికులు తీసిన మంచి ఫోటోలు ఉంటాయి. అయితే వికీమీడియా కామన్స్ వేరు, వికీపీడియా వ్యాసంలో కనిపించే ప్రతి బొమ్మా వేరు. తెలుగు, ఇంగ్లిషు వికీపీడియాల్లో సినిమా పోస్టర్లు, లోగోలు పరిమిత వాడుక కింద పెట్టుకుంటారు. అది ఆ వ్యాసం మట్టుకే. ‘వికీపీడియాలో ఉంది కదా’ అని సినిమా పోస్టరు దింపుకుంటే గూగుల్ కథ మళ్లీ మొదటికొచ్చినట్టే. బొమ్మ మీద నొక్కండి, లైసెన్సు వివరం అక్కడే ఉంటుంది.

పేరు చెప్పడం అంటే ఎలా చెప్పాలి? బొమ్మ పేరు, తీసినవారి పేరు, దొరికిన చోటు, లైసెన్సు, నాలుగూ ఒక్క వరుసలో. ‘గోల్కొండ కోట, ఫోటో: ఫలానా, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్ఏ 4.0’. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో పెడితే చాలు. స్లైడు అందం పోతుందనుకుంటే ఆఖరి స్లైడులో స్లైడు నంబర్ల వారీగా రాయండి. నంబర్లు లేకుండా ఇరవై పేర్లు గుంపుగా రాస్తే ఏది ఎవరిదో తెలియదు, రాసి ప్రయోజనం లేదు. బొమ్మ దింపుకున్న నిమిషంలోనే ఈ వరుసను నోట్స్‌లో అతికించేయండి. ప్రెజెంటేషన్ ముందురాత్రి వెతుక్కుంటే దొరకదు. ఇంకో మాట. పేరు రాయడం అనుమతికి బదులు కాదు. లైసెన్సు లేని బొమ్మ కింద ఫోటోగ్రాఫర్ పేరు ఎంత భక్తిగా రాసినా అది అనుమతి లేని బొమ్మే.

అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే లాంటి సైట్ల బొమ్మలకు పేరు కూడా అక్కర్లేదు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. వాటికి సొంత లైసెన్సులున్నాయి, ఒకసారి చదివి పెట్టుకోండి. కానీ అక్కడి మనుషుల ముఖాలతో జాగ్రత్త. ఫోటోగ్రాఫర్ అనుమతి ఇచ్చినంత మాత్రాన, ఫోటోలో ఉన్న అమ్మాయి తన ముఖం పక్కన ‘డిప్రెషన్ లక్షణాలు’ అని రాయడానికి ఒప్పుకున్నట్టు కాదు. డబ్బు పెట్టి కొనే షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్‌లలో రాయల్టీ ఫ్రీ అని ఉంటే, ఒకసారి కొంటే వాడిన ప్రతిసారీ కట్టక్కర్లేదని. ఊరికే అని కాదు. ‘ఎడిటోరియల్’ అని ఉన్నది ప్రకటనలకు పనికిరాదు.

డబ్బు అడిగిన ప్రతివాడూ యజమానే అనీ అనుకోకండి. కేరల్ హైస్మిత్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ తన వేలాది ఫోటోల్ని ప్రజలందరి వాడకానికని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. తర్వాత కొన్నాళ్లకు ఆమె సంస్థకే ఒక ఉత్తరం వచ్చింది. మీ వెబ్‌సైటులో ఫలానా ఫోటో అనుమతి లేకుండా వాడారు, 120 డాలర్లు కట్టండని. ఆ ఫోటో తీసింది ఆవిడే! తన ఫోటోలను అమ్ముతోందంటూ 2016లో ఆమె గెట్టీ ఇమేజెస్ అనే స్టాక్ ఫోటో సంస్థ మీద 100 కోట్ల డాలర్లకు దావా వేశారు. ఫెడరల్ కాపీరైటు ఆరోపణల్ని కోర్టు ఆ ఏడాదే కొట్టేసింది. అందరిదైన బొమ్మను అమ్ముకునే స్వేచ్ఛా అందరికీ ఉంటుంది మరి. స్టాక్ సైటులో ధర కనిపించగానే కార్డు తీయకుండా, ఆ బొమ్మ మూలం ఎక్కడుందో బొమ్మతోనే బొమ్మను వెతికే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో చూడండి. నాసా ఫోటోలు, పాత మ్యూజియం చిత్రాలు ఊరికే దొరుకుతుండగా డబ్బు కట్టేవాళ్లున్నారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తన దగ్గరున్న, హక్కులు తీరిన లక్షల కళాఖండాల ఫోటోలను సీసీ జీరో కింద వదిలేసింది.

పరిశోధక విద్యార్థులకు, డాక్టర్లకు అన్నిటికంటే అవసరమయ్యేవి జర్నళ్లలోని గ్రాఫులు, పటాలు. పేపరు సీసీ బై ఓపెన్ యాక్సెస్ అయితే పేరు చెప్పి వాడుకోవచ్చు. అలాంటి పేపరు కాకపోతే, చాలా ప్రచురణ సంస్థలు పేపరు పేజీలోనే అనుమతి కోరే బటన్ పెడుతున్నాయి, నొక్కి వివరాలు నింపితే కొన్నిసార్లు పైసా లేకుండానే ఇస్తాయి. అంతకంటే మంచి దారి ఇంకోటుంది. సమాచారం మీద, అంకెల మీద కాపీరైటు లేదు, వాటిని చూపిన గీతల మీదే ఉంది. పేపర్లోని అంకెలు తీసుకుని ఎక్సెల్‌లో మీ గ్రాఫు మీరే గీసుకోండి, కింద ‘సమాచారం: ఫలానా పేపరు’ అని రాయండి. మసక స్క్రీన్‌షాట్ కంటే నాలుగు రెట్లు బాగుంటుంది, గీస్తుంటే ఆ అంకెలు మీకు నిజంగా అర్థమవుతాయి, ప్రశ్నలొస్తే తడబడరు. పేషెంట్ల ఫోటోలకు మాత్రం కాపీరైటు అనుమతి ఒక్కటే చాలదు, పేషెంట్ రాతపూర్వక సమ్మతి వేరుగా ఉండాలి.

మ్యాపుల గురించి ఒక హెచ్చరిక. ఉచితంగా దొరికే భారతదేశ పటాల్లో చాలావాటికి కాశ్మీరం తల ఎగిరిపోయి ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోలని దేశ పటాన్ని ప్రచురించడం 1961 చట్టం ప్రకారం నేరం, లైసెన్సు ఎంత పక్కాగా ఉన్నా సరే. తెలంగాణ ఏర్పడి ఇన్నేళ్లయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బొమ్మే పెట్టి హైదరాబాదులో ప్రెజెంటేషన్ ఇచ్చేవాళ్లున్నారు. అది చట్టం సమస్య కాదు, చూసుకోకపోవడం.

ఇక బ్రహ్మానందం గారు. ఆయన ముఖం లేని ఐటీ ప్రెజెంటేషన్ ఉందా మన ఊళ్లలో? గది నవ్వుతుంది, మీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది, కాదనను. కానీ ఆ ఫ్రేము మీద హక్కు సినిమా నిర్మాతది. టీం మీటింగులో నలుగురి మధ్య నవ్వుకుంటే ఎవరూ రారు. అదే మీమ్ కంపెనీ ప్రకటనలోకో, లింక్డిన్‌లో ఉత్పత్తిని అమ్మే డెక్‌లోకో వెళ్తే నిర్మాత హక్కుతో పాటు నటుడి ముఖం మీద నటుడికున్న హక్కు కూడా అడ్డొస్తుంది. అమితాబ్ బచ్చన్‌కు 2022లో, అనిల్ కపూర్‌కు 2023లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి రక్షణ ఉత్తర్వులు ఇచ్చింది. బయటివాళ్లు చూసే డెక్ నుంచి మీమ్‌లు తీసేయండి. మీ చమత్కారం మీ నోటితో చెప్పండి.

‘ఇంత తంటా దేనికి, ఏఐతో గీయించేస్తా’ అనేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. కొంతవరకు సరే. ఒక శైలి మీద ఎవరికీ కాపీరైటు ఉండదు కానీ, వచ్చిన బొమ్మ ఏదో అసలు బొమ్మకు అచ్చు దిగినట్టుంటే చిక్కే. మీరు వాడే యాప్ షరతులు చూడండి, ఏఐ బొమ్మ అని కింద రాయండి. చారిత్రక ఘటనలకు, వ్యక్తులకు మాత్రం ఏఐ బొమ్మ వద్దే వద్దు. అల్లూరి సీతారామరాజు మీద ప్రసంగిస్తూ యంత్రం ఊహించిన ముఖం చూపిస్తే అది కాపీరైటు తప్పు కాకపోవచ్చు, అబద్ధం మాత్రం అవుతుంది.

నిజానికి మంచి వక్తల స్లైడుల్లో బొమ్మలు తక్కువ. కరచాలనం చేసుకునే సూటు చేతులు, బల్బు పక్కన ‘ఐడియా’, కొండెక్కే మనిషి నీడ, ఇవి తీసేస్తే మీ ప్రెజెంటేషన్‌కు పోయేదేమీ లేదు. ఉన్నవి మీవే అయితే ఇంకా బలం. మీ ఫ్యాక్టరీ, మీ ల్యాబు, మీ పొలం, ఫోన్లో తీసిన ఫోటో చాలు. కంపెనీ వేడుకకు డబ్బిచ్చి పిలిపించిన ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోల మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు పిలిపించినవారిదే. ఆ ఫోల్డరు మీ ఆఫీసులో ఎక్కడో దుమ్ము కొట్టుకుని ఉంటుంది, తీయండి.

అప్పటికీ ఒకే ఒక్క ఫోటో, దానికి బదులు లేని ఫోటో, కావాల్సొస్తే అడగండి. అడగడానికి మనకు మొహమాటం, లేదా ‘అంత పెద్దాయన మనకెక్కడ జవాబిస్తాడు’ అన్న సంకోచం. ఫోటోగ్రాఫర్లకు రోజూ దొంగతనాలే కనిపిస్తాయి, అడిగే మనిషి అరుదు. అందుకే మర్యాదగా అడిగిన ఉత్తరానికి విలువ ఎక్కువ. ఇలా రాయవచ్చు:

‘నమస్కారమండీ. నేను ఫలానా కాలేజీలో పనిచేస్తున్నాను. మార్చిలో జరిగే సదస్సులో చేనేత మీద మాట్లాడుతున్నాను. మీరు తీసిన పోచంపల్లి మగ్గం ఫోటో, లింకు కింద ఇచ్చాను, ఒక స్లైడులో వాడుకోవాలని ఉంది. సుమారు వందమంది చూస్తారు, వీడియో కాలేజీ యూట్యూబ్ ఛానెల్లో ఉంటుంది. ప్రవేశానికి డబ్బు తీసుకోవడం లేదు. ఫోటో కింద మీ పేరు ఎలా రాయమంటారో చెప్పండి. ఫీజు ఏమైనా ఉంటే అదీ తెలియజేయండి.’

ఇందులో దాపరికం లేదు చూడండి. యూట్యూబ్ మాట దాచి తర్వాత ఎక్కిస్తే వచ్చిన అనుమతి చెల్లదు. లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలన్నది చట్టం, కాబట్టి ఫోన్లో ‘వాడుకోండి బాబూ’ అన్నా, ‘ఆ మాటే ఒక మెయిల్లో పంపండి సార్’ అని అడిగి, వచ్చిన మెయిల్ను ప్రెజెంటేషన్ ఉన్న ఫోల్డర్లోనే భద్రపరచండి. వారం పది రోజులు చూసి ఒకసారి గుర్తు చేయండి. జవాబు రాకపోతే వేరే బొమ్మ చూసుకోండి. మౌనం అర్ధాంగీకారం అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.